కంటికి కానరాని నాలుగు ప్లగ్గులు

ఇంటిలోని వస్తువులలో మనము ప్రతిదినము తుడిచి, కడిగి, సరిచూచుకొనునవి కొన్ని. పాడైననాడు గాని తలపునకు రానివి కొన్ని. పాత కారు ఈ రెండవ తెగకు చెందినది. అది వాకిటనే యుండును; పిల్లలను బడికి చేర్చును; పెద్దలను వైద్యుని కడకు తీసికొనిపోవును; పండుగలకు మనలను పుట్టింటికి గొనిపోవును. ఐనను దాని బానెట్టు క్రింద నేమున్నదో విచారించు భారము తమది కాదని చాలమంది గృహిణులు తలంతురు. మేస్త్రి చూచుకొనునులే యని యూరకుందురు. మేస్త్రి చూచుకొనుమాట నిజమే. కాని చేయి సులభముగ చేరు చోటనే చూచుట మనుష్య సహజము. చేయి చేరని చోటి పని, అట్టి పని యొకటి కలదని యెరిగి యడుగువా రున్నప్పుడే జరుగును. ఈ వ్యాసమున మేము విన్నవింపదలచినది ఈ సంగతియే.

ఇందులకు మంచి నిదర్శనము మన పట్టణములలో నేటికిని అక్కడక్కడ తిరుగుచున్న పాత హోండా సిటీ కారు. 2003వ సంవత్సరమున మన దేశమున విడుదలయై 2008 వరకు అమ్ముడైన ఆ తరపు కారును దాని రూపమును బట్టి జనులు ‘డాల్ఫిన్ సిటీ’ యని పిలుతురు. వీనిలో ‘ఐ-డీఎస్ఐ’ యను పేరుగల ఇంజను కలవానిని గూర్చియే మేమిచ్చట చెప్పుచున్నాము. ఆ ఇంజను పరిమాణము 1,497 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. సాధారణముగ సిలిండరునకు ఒక్కటి చొప్పున నాలుగు స్పార్కు ప్లగ్గు లుండవలసిన చోట, దీనిలో రెండేసి చొప్పున ఎనిమిది కలవు. అదే తరమున వచ్చిన ‘వీటెక్’ రకమునకు మాత్రము నాలుగే. ఇంగ్లండులో 2002 మొదలు 2008 వరకు అమ్మబడిన 1.4 లీటర్ల హోండా జాజ్ కారునకును ఇట్టి యెనిమిది ప్లగ్గుల యేర్పాటే కలదు గనుక, అచ్చట నున్న మన తెలుగు సోదరీమణులలో అట్టి పాత కారును వాడువారికిని ఈ మాటలు పనికివచ్చును.

ఈ యెనిమిదింటిలో నాలుగు ఇంజను ముందువైపున, బానెట్టు ఎత్తగనే చేతికందు చోట నున్నవి. తక్కిన నాలుగును వెనుకవైపున, ముందరి అద్దము క్రిందికి చొచ్చుకొనిపోయిన యిరుకు సందులో దాగియున్నవి. చిక్కంతయు ఈ వెనుకటి నాలుగింటితోనే.

ప్లగ్గు చేయు పని

గ్యాసు పొయ్యి వెలిగించు లైటరును నొక్కినప్పుడు దాని కొనయందు చిటుక్కుమని చిన్న మెరుపు పుట్టుటను మనమందరము చూచుచునే యున్నాము. స్పార్కు ప్లగ్గు చేయునదియు నదియే. సిలిండరులోనికి వచ్చిన పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టను అణచగా, సరియైన సమయమున ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ పుట్టి దానిని మండించును. ఆ మంట పిస్టనును క్రిందికి త్రోయును. ఆ త్రోపే చక్రములను త్రిప్పును. బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును వేలకొలది వోల్టులకు హెచ్చించి ప్లగ్గునకందించు సాధనమును కాయిలందురు. ఈ కారులో ప్రతి ప్లగ్గునకును ఒక కాయిలు కలదు.

ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నప్పుడు ఒక్కొక్క ప్లగ్గు నిమిషమునకు 1,500 మారులు, అనగా సెకనునకు 25 మారులు, నిప్పురవ్వను పుట్టింపవలెను. ఇంత పని చేయు వస్తువు అరుగకుండునా? ప్లగ్గు కొనయందలి లోహము కొంచెము కొంచెముగ కరిగిపోయి, రెండు కొనల నడిమి సందు పెద్దదగును. సందు పెరిగినకొలది రవ్వ దాటుటకు ఎక్కువ వోల్టులు కావలెను. కాయిలునకు శ్రమ హెచ్చును. తుదకు రవ్వ తప్పిపోవుట మొదలగును. అందుచేతనే ప్లగ్గులను కాలానుసారముగ మార్చవలెను. సాధారణమైన నికెల్ ప్లగ్గులు 20,000 మొదలు 40,000 కిలోమీటర్ల వరకును, ఇరిడియము కొన గలవి సుమారు లక్ష కిలోమీటర్ల వరకును పనిచేయును. మీ కారునకు తగిన గడువును, ప్లగ్గు రకమును కారుతో వచ్చిన పుస్తకమున చూచుకొనుట యుత్తమము.

దాగిన లోపము

ఒక్కొక్క సిలిండరునకు రెండు ప్లగ్గు లేల? మంట రెండు చోట్ల నొకమారుగనో, కొంచెము వెనుకముందుగనో మొదలైనచో మిశ్రమము త్వరగను, పూర్తిగను కాలును, పెట్రోలు కలిసివచ్చును. ఏర్పాటు మంచిదే. కాని ఆ మంచిలోనే యొక చిక్కు కలదు. ఒకే ప్లగ్గు గల సిలిండరులో అది చెడినచో ఇంజను కుదుపుచు, తొట్రుపడుచు వెంటనే తన బాధను తెలుపును. రెండున్నచోట ఒకటి చెడినను రెండవది మంటను పుట్టించుచునే యుండును. కారు ఆగదు, గట్టిగ కుదుపదు. ఎత్తు ఎక్కునప్పుడు కొంచెము బరువుగ లాగుట, పెట్రోలు మునుపటికంటె ఎక్కువ త్రాగుట, ప్రొద్దుట మొదటి మారు స్టార్టగుటకు జాగుచేయుట, ఇట్టి చిన్న చిన్న గుర్తులే కనబడును. “పాత కారు గదా, అంతేలే” యని మనము సరిపెట్టుకొందుము.

ఇట్లు వెనుకటి నాలుగు ప్లగ్గులు చెడియు నింద పడక యుండును. ముందరి నాలుగును మార్చి “ప్లగ్గులు మార్చితి” ననిన మాటను నమ్మి మనము సొమ్ము చెల్లింతుము. వెనుకటివి ఏండ్ల తరబడి కదలక, మరలు త్రుప్పుపట్టి, నానాటికి విప్పుటకు మరింత కష్టమగును. ఒకనాటి ఉపేక్ష మరునాటి ఉపేక్షకు కారణమగును.

ఇందువలన కలుగు నష్టము పెట్రోలుతో పోదు. మండక మిగిలిన పెట్రోలు పొగగొట్టములోని కేటలిటిక్ కన్వర్టరునకు చేరి అచ్చట మండి, దానిని మితిమీరి వేడెక్కించి పాడుచేయగలదు. దాని వెల ముందు ఎనిమిది ప్లగ్గుల వెల లెక్కింపదగినది కాదు. మరియు మన దేశమున సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. ఆ తరువాత పరీక్ష చేయించి మరల పొందవలెను. పైన చెప్పిన కారులన్నియు ఆ వయస్సును దాటినవే. పొగ పరీక్షలో నెగ్గుటకు ప్లగ్గులు సరిగ నుండుట యెంతయు అవసరము.

స్త్రీలకు క్రొత్త పని కాదు

ఇట్టి పని స్త్రీలకు తగునా యని కొందరు సందేహింపవచ్చును. ప్రపంచమున మొట్టమొదట మోటారు కారులో దూరప్రయాణము చేసినది ఒక గృహిణియే. 1888 ఆగస్టులో జర్మనీ దేశపు బెర్తా బెంజ్ తన ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగ చెప్పకయే, ఆయన నిర్మించిన కారులో మాన్‌హైమ్ పట్టణమునుండి సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న తన పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌నకు వెళ్లెను. త్రోవలో పెట్రోలు గొట్టము మూసికొనిపోగా టోపీ సూదితో దానిని తెరచెననియు, నిప్పురవ్వ పుట్టించు తీగ ఒరసికొనగా తన మేజోటి పట్టీనే దానికి చుట్టెననియు చెప్పుదురు. ఇంగ్లండులో డొరోతీ లెవిట్ అను నామె 1909లో స్త్రీలకొరకు కారును గూర్చి పుస్తకము వ్రాసి, వెనుక వచ్చు బండ్లను చూచుటకు చేతి అద్దమును దగ్గర నుంచుకొనుమని సలహా యిచ్చెను. ఆ చేతి అద్దమే ఈ వెనుకటి ప్లగ్గులను చూచుటకును మనకు పనికివచ్చును.

పనికి ముందు

ఇంజను పూర్తిగ చల్లారిన పిమ్మటనే ఈ పనికి పూనుకొనవలెను. సిలిండర్ల పైభాగము అల్యూమినియముతో చేయబడినది. అది వేడిగ నున్నప్పుడు ప్లగ్గును త్రిప్పినచో మరలు చెడును, చేయియు కాలును. రాత్రి నిలిపిన కారుపై ప్రొద్దుటిపూట పనిచేయుట మేలు. తాళము తీసి దాచవలెను. బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. చేతి గాజులను, ఉంగరములను తీసివేసి, కొంగును నడుమున దోపి, జడను ముడివేసికొనవలెను. లోహపు గాజు బ్యాటరీకి తగిలిన నిప్పు లెగయును. చిన్నపిల్లలను దూరముగ నుంచవలెను.

కావలసిన పనిముట్లు ఎక్కువ లేవు. లోపల రబ్బరు గల 16 మిల్లీమీటర్ల ప్లగ్గు సాకెట్టు, పొట్టివియు పొడుగువియు నగు రెండు మూడు ఎక్స్‌టెన్షను రాడ్లు, అన్ని దిక్కులకు వంగు కీలు ముక్క యొకటి, రాచెట్టు, 10 మిల్లీమీటర్ల సాకెట్టు, టార్చిలైటు, చేతి అద్దము, సైకిలు పంపు, ప్లగ్గు పింగాణి కొనను బిగువుగ పట్టుకొను జానెడు రబ్బరు గొట్టపు ముక్క. ప్లగ్గులను నమ్మకమైన అంగడిలోనే, ఎనిమిదియు ఒక్క మారే, ఒకే రకమువి కొనవలెను. నకిలీ ప్లగ్గులు బజారున లేకపోలేదు.

విప్పు విధము

ముందరి నాలుగింటితో మొదలిడుట మంచిది. చేతికి పని యలవడును. కాయిలునకు తగిలించిన తీగ మూతి ప్లాస్టికుది. ఏండ్ల వేడికి అది పెళుసుబారి యుండును. దాని నాలుకను నొక్కి మూతిని పట్టుకొని లాగవలెనే కాని తీగను పట్టి లాగరాదు. 10 మిల్లీమీటర్ల బోల్టును విప్పి, కాయిలును ఇటునటు కొంచెము త్రిప్పుచు మెల్లగ పైకి తీయవలెను. ముందరి కాయిళ్లు వేరు, వెనుకటివి వేరు. దేనిని ఎచ్చటనుండి తీసితిమో కాగితపు ముక్కపై అంకె వ్రాసి అంటించినచో తారుమారు కాదు.

కాయిలు తీసిన వెంటనే ప్లగ్గును విప్పరాదు. ఆ గుంటలో చేరిన దుమ్మును, ఇసుకను సైకిలు పంపుతో ఊదివేయవలెను. అప్పుడు కన్నులకు అద్దములు పెట్టుకొనుట మరువరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట ఆ దుమ్ము సిలిండరులో పడినచో ఇంజనునకే హాని. ప్లగ్గు అప్రదక్షిణముగ త్రిప్పిన వదులగును. గట్టిగ పట్టియున్నచో బలప్రయోగము చేయక, మరలపై త్రుప్పు వదల్చు నూనె కొంచెము వేసి కొంతసేపు ఆగి, పావు చుట్టు వదులు చేసి మరల బిగించి, ఇట్లు వెనుకకు ముందుకు ఆడించుచు తీయవలెను. ఎంతకును రానిచో ఆ పనిని నిలిపి మేస్త్రిని పిలుచుట తెలివి గలవారి లక్షణము. విరిగిన ప్లగ్గును తీయుట కంటె విరుగకుండ ఆగుట సులభము.

ఇక వెనుకటి నాలుగు. సందులో చేయి దూర్చి, కీలు ముక్క సాయమున తడవి తడవి విప్పువారును కలరు. మేము అట్లు చేయుమని చెప్పము. కనబడని మరలో ప్లగ్గును వంకరగ నెక్కించు ప్రమాదము అందు హెచ్చు. అద్దము క్రిందనున్న మూతను తీసి చోటు చేసికొనుటయే రాజమార్గము. మొదట వైపరు చేతులు అద్దముపై నిలిచియున్న చోటును కాగితపు పట్టీతో గుర్తింపవలెను. లేనిచో తిరిగి బిగించునప్పుడు అవి ఒకదాని నొకటి తగులుకొనును. పిదప వైపరు చేతులను, వానిక్రింది ప్లాస్టికు మూతను, దాని యడుగున అడ్డుగనున్న వైపరు సామగ్రిని, రేకును వరుసగ విప్పవలెను. మూతను పట్టియుంచు చిన్న ప్లాస్టికు గుబ్బలు ఎండకు పెళుసై విరుగును గనుక క్రొత్తవి కొన్ని ముందే తెచ్చియుంచుకొనవలెను.

ఆ మూత క్రింద వేపాకులును, దుమ్మును చేరి, వాననీరు పోవు రంధ్రములను పూడ్చివైచి యుండుట చాలచోట్ల కనబడును. దానిని తప్పక శుభ్రము చేయవలెను. నీరు నిలిచి వెనుకటి ప్లగ్గుల గుంటలలోనికి దిగినచో కాయిలును ప్లగ్గును రెండును చెడును. ముందరివానికి అరగంట పట్టినచో, వెనుకటివానికి ఒక పూట పట్టును. తొందరపడు దినమున ఈ పని పెట్టుకొనరాదు.

బిగించు విధము

క్రొత్త ప్లగ్గు కొనల నడిమి సందును పుస్తకమున చెప్పిన కొలతతో సరిచూడవలెను. ఇట్టి కారులకది సుమారు 1 మిల్లీమీటరు గాని కొంచెము ఎక్కువ గాని యుండును. తరువాత ప్లగ్గు పింగాణి కొనకు రబ్బరు గొట్టమును తొడిగి, గుంటలోనికి దింపి, వ్రేళ్లతో ప్రదక్షిణముగ మెల్లగ త్రిప్పవలెను. మర సరిగ పట్టినచో అది సులభముగ దిగును. వంకరగ పట్టినచో గొట్టమే జారిపోవును గాని మర చెడదు. ఇందులోని మేలు అదియే. రాచెట్టుతో మొదటి చుట్టు త్రిప్పువారు ఈ హెచ్చరిక లేక మరలను పాడుచేసికొందురు.

వ్రేళ్లతో పూర్తిగ దిగిన పిమ్మట, వాషరు గల క్రొత్త ప్లగ్గును సాకెట్టుతో సుమారు అర చుట్టు బిగించిన చాలును. బిగువును కొలుచు పానా యున్నచో పుస్తకమున చెప్పిన కొలతకు బిగించుట శ్రేష్ఠము. ఊరగాయ జాడీ మూతను మగవారు బిగించినట్లు బిగించిన, తరువాతివారికి అది విప్పరానిదగును. వదులుగ విడిచిన, వేడి బయటికి పోక ప్లగ్గు కాలిపోవును. ఒక్కొక్క కాయిలును దాని చోటనే పెట్టి, బోల్టు బిగించి, తీగ మూతి టక్కుమని పట్టువరకు నొక్కవలెను. ఎనిమిదియు ఐన పిమ్మటనే బ్యాటరీ తీగను తగిలించి ఇంజనును నడిపి చూడవలెను.

పాత ప్లగ్గులు చెప్పు మాట

తీసిన ప్లగ్గులను చెత్తలో పారవేయరాదు. వడియములు ఆరబెట్టినట్లు ఒక గుడ్డపై రెండు వరుసలుగ, ముందరివి ముందు, వెనుకటివి వెనుక, సిలిండరు వరుస తప్పకుండ పేర్చవలెను. అవి ఇంజను ఆరోగ్యమును తెలుపును. కొన లేత గోధుమ వన్నెనో బూడిద వన్నెనో కలిగియున్న అంతయు క్షేమము. పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువగ వచ్చుచున్నదని గాని, గాలి వడపోత మూసికొనిపోయినదని గాని తలంపవచ్చును. నూనెతో తడిసి నల్లబడినచో ఇంజను నూనె లోపలికి వచ్చి మండుచున్నది. తెల్లబారి బొబ్బలెక్కినచో వేడి మితిమీరినది. పింగాణిపై త్రుప్పు చారలున్నచో పైనుండి నీరు దిగుచున్నది. ఒకే సిలిండరు ప్లగ్గులు రెండును చెడి తక్కినవి బాగున్నచో ఆ సిలిండరును పరీక్షింపవలెను. వెనుక వరుస నాలుగును మాత్రమే మిక్కిలి అరిగియున్నచో, ఇంతకు మునుపు వానినెవ్వరును ముట్టలేదని గ్రహింపవలెను.

మేస్త్రిచేత చేయించునప్పుడు

ఈ పని స్వయముగ చేయవలెనని మేము అందరిని నిర్బంధించుటలేదు. ఓపికయు తీరికయు గలవారు చేసికొనవచ్చును, తక్కినవారు చేయించుకొనవచ్చును. చేయించువారు నాలుగు మాటలు మరువరాదు. కారులో ఎనిమిది ప్లగ్గులున్నవనియు, ఎనిమిదింటిని మార్చవలెననియు ముందే చెప్పవలెను. వెనుకటి నాలుగింటికి అద్దము క్రింది మూతను విప్పవలసిన శ్రమకు వేరుగ కూలి మాటాడుకొనవలెను. ఇంజను చల్లారుటకు వీలుగ కారును ముందునాటి రాత్రియే వదలవలెను. పని ముగిసిన తరువాత పాత ప్లగ్గులు ఎనిమిదింటిని లెక్కించి ఇంటికి తెచ్చుకొనవలెను.

వీనిలో కూలి మాటను మేము ప్రత్యేకముగ చెప్పుచున్నాము. వెనుకటివానిని విడిచిపెట్టు మేస్త్రి మోసగాడేయని తలంపరాదు. ముందరి నాలుగింటి కూలితో వెనుకటి నాలుగింటి శ్రమను కూడ ఆశించు యజమానులే తరచుగ ఆ యలవాటును పెంచిరి. కనబడని పనికి విలువ కట్టకుండుట ఎంత అన్యాయమో గృహిణులకు వేరుగ చెప్పవలెనా? తెల్లవారుజాము మొదలు ఇంటిలో మనము చేయు పనిలో సగము ఎవ్వరికంటను పడదు. అది జరుగనినాడే దాని విలువ తెలియును. ఆ బాధ నెరిగినవారము కనుక, కనబడని ప్లగ్గును మార్చినవానికి తగిన కూలి సంతోషముతో నీయవలెను. ఇచ్చి, ఆ పని జరిగినదా యని నిక్కముగ చూచుకొనవలెను. ఈ రెండును మన ధర్మములే.

సోదరీమణులారా, మీ యింట ఇట్టి కారున్నచో రేపే బానెట్టు ఎత్తించి చూడుడు. ముందరి నాలుగు కాయిళ్లను లెక్కింపుడు. చేతి అద్దమును, టార్చిలైటును వెనుక సందున పట్టి తక్కిన నాలుగింటిని చూడుడు. వానిని కడపట ఎప్పుడు మార్చిరో ఇంటి లెక్కల పుస్తకమున వెదకుడు. అచ్చట వ్రాసియుండనిచో, క్రొత్తవి వేయించిన తేదీని, కిలోమీటర్ల లెక్కను ఈ మారు మీ చేతితోనే వ్రాసియుంచుడు.